ఆమెన్ తర్వాతి మాట

సువార్తరాజు "కానీయండి" అనేదాకా ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. రాజోలులో ఆయన తండ్రి అనేవాడు, హ్యూస్టన్‌లో ఈయన అన్నాడు, కెనడాలో మిల్టన్‌కు వచ్చాక కూడా అంటూనే ఉన్నాడు. ముందు ప్రార్థన, తర్వాత ఆమెన్, ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆపైన "ఊఁ, కానీయండి". అప్పుడు గానీ చేతులు కంచాల్లోకి దిగవు.

కూతురు ఫేబీ నాలుగేళ్లప్పుడు ఆ మాట కూడా ప్రార్థనలో భాగమే అనుకుంది. హ్యూస్టన్ సండే స్కూల్లో పిల్లలంతా ఆమెన్ అని ఊరుకుంటే, ఇది మాత్రం గొంతెత్తి "ఆమెన్ కానీయండి" అంది. అదేదో తూర్పు దేశాల ఆశీర్వాదమనుకుని ఆ టీచరమ్మ తల్లి రూపవతిని స్పెల్లింగ్ అడిగి మరీ రాసుకుంది. ఇరవై మూడేళ్లయినా ఆ కథ ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పాల్సిందే.

ఈ ఆదివారం పొద్దున కాల్గరీలో పాండురంగకు కూడా చెప్పారు. పాండురంగది వరంగల్. మిల్టన్‌లో వీళ్ల పక్క టౌన్‌హౌస్‌లో ఆరేళ్లు ఉండి, ఆయిల్ కంపెనీలో ఉద్యోగం వచ్చి ఇటు వచ్చేశాడు. వీళ్లు వస్తున్నారని తెలిసి హోటల్ బుక్ చేయనివ్వలేదు. ఇడ్లీ నోట్లో పెట్టుకున్నాక ప్రార్థన మొదలవడంతో, పాపం, నమలాలో మానాలో తెలియక బుగ్గలో దాచుకుని కూర్చున్నాడు.

"కానీయండి" అన్నాడు సువార్తరాజు. పాండురంగ గబగబా మింగాడు. ఫేబీ మాత్రం ఇడ్లీ వైపు చూడకుండా అరటిపండు ఒలుచుకుంది. పదకొండింటికి వంద మీటర్ల తొలి పరుగులు, అంటే హీట్స్, మూడింటికి ఫైనల్. ఆ రెంటిలో ఏదో ఒకదాంట్లో 11.10 సెకన్లు గానీ అంతకన్నా తక్కువ గానీ పరిగెత్తితే అమెరికా జట్టును ఎంచే ట్రయల్స్‌కు వెళ్తుంది. లేకపోతే ఇవాళ్టితో స్పైక్స్ విప్పేసి పరుగు మానేస్తుంది. గడువు ఇవాళే. సెప్టెంబరులో చేరడానికి ఫిజియోథెరపీ కోర్సులో సీటు కూడా తీసేసుకుంది. ఆమె ఇంతవరకు పరిగెత్తిన అన్నిట్లోకీ మంచి టైము 11.13. అంటే తేడా సెకనులో మూడు వందో వంతులు. ఈ మూడు వందో వంతుల కోసం రెండేళ్లుగా ఆ పిల్ల పడని కష్టం లేదు.

కాల్గరీకి రావడానికి కారణం గాలి. ఊరు వెయ్యి మీటర్లకు పైన ఉంది కాబట్టి గాలి పల్చన, పరుగుకు అడ్డు తక్కువ. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి పాండురంగ తానే ఈ గాలిని పోగుచేసి పెట్టినట్టు మాట్లాడుతున్నాడు.

"అన్నా, మా దగ్గర గాలి మస్తు లైట్‌గుంటది. కాకపోతే వెనక నుంచి సెకనుకు రెండు మీటర్ల స్పీడ్ దాటి కొట్టొద్దు. దాటితే ఆ టైమ్ లెక్కలోకి రాదు."

"నాకు తెలుసు పాండూ," అన్నాడు సువార్తరాజు.

"తెలుసని తెలుసన్నా. చెప్తున్న అంతే."

ఆ ఇంట్లో అమెరికా పాస్‌పోర్టు ఫేబీ ఒక్కదానికే ఉంది. సువార్తరాజు గ్రీన్ కార్డు క్యూలో తొమ్మిదేళ్లు నిలబడి, కాళ్లు పీకి, చివరికి కెనడా పీఆర్‌కు అప్లై చేసి కుటుంబాన్ని మిల్టన్‌కు తెచ్చేశాడు. క్యూలో నిలబడే ఓపిక తండ్రిది, నిలబడలేని కాళ్లు కూతురివి. పదహారేళ్లకు ఒంటారియో స్కూళ్లన్నిటి పరుగులో మొదటి స్థానం తెచ్చుకుంది. పద్దెనిమిదికి స్కాలర్‌షిప్ మీద టెక్సాస్ వెళ్లింది. కెనడా తరఫున పరిగెత్తితే ఎప్పుడో టీమ్‌లో ఉండేదానివి కదా అని చర్చిలో ప్రతి ఆంటీ అడిగింది. "నేను పుట్టింది అక్కడ. అక్కడే కష్టం. సో అక్కడే రన్ చేస్తా," అని ఒకే జవాబు చెప్పింది. నిజంగానే కష్టపడింది. ఇరవై రెండేళ్లకు తొడ కండరం చిట్లి ఏడాదిపాటు కుంటింది. లేచింది. ఒకసారి ట్రయల్స్‌లో మొదటి రౌండ్‌లోనే పోయింది. మరోసారి సెమీఫైనల్ దాకా వెళ్లి, ఒక్క వందో వంతు తేడాతో ఫైనల్ బయట నిలబడింది. ఆ రోజు ఫోన్‌లో ఏడవకుండా మాట్లాడింది గానీ, పెట్టేశాక ఏడ్చిందని రూపవతికి తెలుసు. తల్లులకు అలాంటివి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ ప్రయాణమంతటిలో తన వాటా ఒక్కటుందని సువార్తరాజు గట్టి నమ్మకం. రాజోలు మిషన్ హైస్కూల్లో ఆయనా పరుగువీరుడే. అక్కడ డ్రిల్ మాస్టారు రాఘవులు గారి దగ్గర తుపాకీ లేదు, విజిల్ పోయింది. భుజం మీద తువ్వాలు ఉండేది. "రెడీ... ఊఁ... కానీ," అని తువ్వాలు కిందికి విసిరేవారు. ఆ "కానీ" చెవిన పడితే చాలు, ఈయన కాళ్లు ఆయన చెప్పుచేతల్లో ఉండేవి కావు. జిల్లా పోటీల దాకా ఆ మాటతోనే పరిగెత్తాడు.

అందుకే మిల్టన్‌లో పదకొండేళ్ల ఫేబీ మొదటిసారి గీత దగ్గర నిలబడ్డప్పుడు, ఫెన్స్ పట్టుకుని, సరిగ్గా మాస్టారి గొంతులో "కానీ" అన్నాడు. ఆ రోజు గెలిచింది. అప్పటి నుంచి ఆయన చూసిన ఒక్క పరుగూ ఆ మాట లేకుండా మొదలు కాలేదు. వెళ్లలేని రోజున ఫోన్ చేసి మరీ అనేవాడు. ఆ మాట లేకుండా తుపాకీ పేలినా పిల్ల కదలదని ఆయన అభిప్రాయం. ఇన్నేళ్లలో పిల్ల ఆ మాటకు ఒక్కసారీ తల తిప్పలేదు. ధ్యాసలో ఉంది కదా అనుకునేవాడు.

పదకొండింటికి హీట్స్‌లోనూ అన్నాడు. ఫెన్స్ మీదికి వంగి, కాళ్లు ఆనించే బ్లాక్స్ సర్దుకుంటున్న కూతురికి వినబడేలా, "కానీ" అన్నాడు. ఫేబీ భుజాలు కొంచెం బిగిశాయి. తుపాకీ పేలింది. అందరికన్నా ముందు గీత దాటింది. బోర్డు మీద 11.13.

"అబ్బ," అన్నాడు పాండురంగ. ఫోన్‌లో గాలి లెక్క మళ్లీ చూసుకున్నాడు.

హీట్‌కూ ఫైనల్‌కూ మధ్య విరామంలో ఫేబీ గడ్డి మీద వెల్లకిలా పడుకుని, కాళ్లు ఫెన్స్‌కు ఆనించింది. సువార్తరాజు నీళ్ల సీసా పట్టుకుని వెళ్లి పక్కన కూర్చున్నాడు.

"బాగా పరిగెత్తావమ్మా. కానీ స్టార్ట్‌లో కొంచెం..."

"డాడీ, ఒక హెల్ప్ చేస్తావా?"

"చెప్పు తల్లీ."

"ఫైనల్ ముందు ఆ వర్డ్ అనకు. ప్లీజ్."

"ఏ వర్డు?"

"బట్."

ఆయనకు అర్థం కాలేదు. "బట్ అని నేనెప్పుడన్నాను?"

"ఎవ్రీ రేస్ డాడీ. నాకు లెవెన్ ఇయర్స్ ఉన్నప్పటి నుంచి. నేను బ్లాక్స్ దగ్గరుంటా, నువ్వు ఫెన్స్ దగ్గర నుంచి 'కానీ' అంటావు. కానీ అంటే బట్, రైట్? ఆ సెంటెన్స్ నువ్వు ఎప్పుడూ ఫినిష్ చేయవు. సో నేనే ఫినిష్ చేసుకుంటా."

"ఏమని?"

"బట్ నువ్వు లేట్. బట్ ఆ గర్ల్స్ నీకంటే స్ట్రాంగ్. బట్ ఆ లెగ్ మళ్లీ పోతే? రోజుకొకటి." ఫేబీ ఆకాశం వైపు చూస్తూనే నవ్వింది. ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది. "ఇట్స్ ఓకే డాడీ. అలవాటైపోయింది. ఇవాళ లాస్ట్ రేస్ అయితే, ఒక్కసారి అది లేకుండా రన్ చేద్దామని. దట్స్ ఆల్."

ఆయన నోరు తెరిచేలోపే కోచ్ చేయి ఊపింది. ఫేబీ లేచి, తండ్రి భుజం తట్టి, వార్మప్ ట్రాక్ గేటులోకి వెళ్లిపోయింది. అక్కడికి తల్లిదండ్రులను రానివ్వరు.

సువార్తరాజు నీళ్ల సీసా అలాగే పట్టుకుని స్టాండ్‌లోకి వచ్చి, భార్యకు సంగతి చెప్పాడు. రూపవతి మొదట పకపకా నవ్వింది. సగంలో ఆగిపోయింది.

"అంటే పదహారేళ్లుగా..." అంది.

"నేను అన్న కానీ ఆ కానీ కాదు కదా రూపా. అది మాస్టారి కానీ. పరిగెత్తు, మొదలుపెట్టు, వెళ్లిపో అని. తెలుగు పుట్టుక పుట్టి ఆ మాత్రం తెలియదా దానికి?"

"దానికి తెలుగు ఎవరు నేర్పారండీ? వంటింట్లో నేను నేర్పినంత, హాల్లో మీరు దిద్దినంత. మీ నోట అది ఎప్పుడు విన్నా ఏ కానీ వింది? మార్కులు బాగున్నాయి కానీ. మెడల్ వచ్చింది కానీ. ఇందాక నీళ్లిస్తూ ఏమన్నారు?"

సువార్తరాజు చేతిలోని నీళ్ల సీసా వంక చూశాడు. స్టార్ట్‌లో కొంచెం అనబోయింది నాలిక మీద ఇంకా అలాగే ఉంది. ఒంటారియో మొత్తానికి ఫస్ట్ వచ్చిన రోజున కారెక్కుతూనే ఏమన్నాడో గుర్తొచ్చింది. సెమీఫైనల్‌లో వందో వంతు తేడాతో పోయిన రోజున ఫోన్‌లో ఏమన్నాడో కూడా గుర్తొచ్చింది. అవన్నీ నిజంగానే ఆ కానీలే. ముందుకు నెడుతున్నానని తాను అనుకుంటూ ఉంటే, ప్రతి పరుగుకు ముందు పిల్ల కాలికి ఓ రాయి కడుతూ వచ్చాడు. ఆ రాయితోనే అది ఇంత దూరం వచ్చింది. ఆ ఆలోచనకు ఆయనకు ఏడుపూ వచ్చింది, చెప్పలేనంత గర్వమూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ముక్కు ఎగబీల్చాడు.

"చెప్పాలి," అని లేచాడు. "పరుగుకు ముందే చెప్పాలి."

ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మెసేజ్ పెట్టాడు. చూడలేదు. ఫైనల్‌కు వెళ్లేవాళ్ల దగ్గర ఫోన్లు తీసేసుకుంటారని అప్పుడు గుర్తొచ్చింది. గేటు దగ్గరికెళ్లి నారింజ రంగు బనియన్ వేసుకున్న వాలంటీరు అమ్మాయిని బతిమాలాడు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అన్నాడు. ఏం మాట సార్ అని ఆ అమ్మాయి మర్యాదగా అడిగింది. దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక నిలబడిపోయాడు. ఈలోపు మైకులో మహిళల వంద మీటర్ల ఫైనల్ అని వినిపించింది.

"అన్నా, ఉరుకు," అన్నాడు పాండురంగ.

అరవై ఒక్క ఏళ్ల సువార్తరాజు పరిగెత్తాడు. స్టాండ్ వెనక నుంచి, ఐస్‌క్రీమ్ బండి పక్క నుంచి, జిల్లా పోటీల్లో పరిగెత్తిన ఆ కాళ్లు చెప్పులతోనే పరిగెత్తాయి. వెనక రూపవతి టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని, ఆమె వెనక పాండురంగ ఫోన్‌లో గాలి చూసుకుంటూ. "వన్ పాయింట్ సిక్స్, అన్నా. వన్ పాయింట్ ఎయిట్. పెరుగుతున్నది," అని దారిపొడవునా చెబుతూనే ఉన్నాడు.

పరుగు మొదలయ్యే చోటుకు ఫెన్స్ పది అడుగుల దూరంలో ఉంది. ఎనిమిది మందీ బ్లాక్స్ సర్దుకుంటున్నారు. ఐదో లేన్‌లో ఫేబీ ఒకసారి దూకి, ఇరవై అడుగులు పరిగెత్తి, నడిచి వెనక్కి వచ్చింది. ఫెన్స్ దగ్గర తండ్రి కనిపించాడు. వెంటనే చూపు తిప్పేసుకుంది.

ఇప్పుడేం చేయాలి? ఆ మాట అంటే, వద్దన్నా అన్నాడంటుంది. అనకపోతే, ఇన్నేళ్లూ బట్ అనే అర్థంలోనే అన్నాడని ఖాయం చేసుకుంటుంది. "ఫేబీ, కానీ మీన్స్ గో," అని అరిచాడు. మైకులో రెండో లేన్ అమ్మాయి పేరు చదువుతున్నారు. ఫేబీకి "కానీ" ఒక్కటే వినబడినట్టుంది. ముఖం ముడుచుకుంది. నారింజ బనియన్ ఆయన ఒకరు వేలు పెదవి మీద పెట్టుకుని ఇటే వస్తున్నాడు.

మైకు ఆగింది. ఇంకో అర నిమిషం ఉందేమో. సువార్తరాజుకు ఏం తోచిందో ఏమో, రెండు చేతులూ జోడించి, తల వంచి, కళ్లు మూసుకున్నాడు. ప్రతి రోజూ భోజనాల బల్ల దగ్గర పలికే గొంతుతోనే, పైకి, స్పష్టంగా అన్నాడు.

"ఈ ఆహారమును దీవించుము తండ్రీ. యేసు నామమున అడుగుచున్నాము. ఆమెన్."

"ఆమెన్," అంది రూపవతి అలవాటుగా.

"ఆమెన్," అన్నాడు పాండురంగ, ఎందుకో తెలియకపోయినా.

నారింజ బనియన్ ఆయన ప్రార్థన చూసి గౌరవంగా ఆగిపోయాడు. ఫేబీ ఇటు తిరిగింది. తిండి లేని చోట తిండి ప్రార్థన ఏమిటని బిత్తరపోయి చూస్తోంది. సువార్తరాజు కళ్లు తెరిచాడు. ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగాడు. ఆ తర్వాత ఎదురుగా ఉన్న ఎర్రటి దారి వైపు, వడ్డించిన కంచం చూపినట్టు, చెయ్యి చాపాడు.

"ఊఁ. కానీయండి," అన్నాడు. తర్వాత మెల్లగా, ఆ మాటలో చివరి ముక్క విరిచేసి, "కానీ," అన్నాడు.

ఫేబీ కదలకుండా నిలబడింది. పెదవులు మాత్రం కదిలాయి. కానీయండి. కానీ. నాలుగేళ్ల వయసులో ఆమెన్‌తో కలిపి మింగేసిన మాటను ఇప్పుడు బయటికి తీసి రెండు ముక్కలుగా చూసుకుంటోందని తల్లికి తెలిసిపోయింది. ఫేబీ కళ్లు పెద్దవయ్యాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. ఏడుస్తోందనుకుని సువార్తరాజు కంగారుపడ్డాడు. ఏడవడం లేదు. నవ్వుతోంది. పక్క లేన్ అమ్మాయి ఈమెకు పిచ్చెక్కిందా అన్నట్టు చూసింది.

"ఆన్ యువర్ మార్క్స్," అన్నాడు స్టార్టర్.

నవ్వు ముఖంతోనే వంగింది. వేళ్లు గీత వెనక పెట్టింది. భుజాలు వదులుగా ఉన్నాయి. ఆ భుజాలు అలా ఉండగా సువార్తరాజు ఎప్పుడూ చూడలేదు. "సెట్." స్టేడియం అంతా ఊపిరి బిగబట్టింది. తుపాకీ పేలింది.

స్టార్ట్ ఆలస్యమైంది. ఆయన కన్ను మోసపోదు, ఆలస్యమే అయింది. నాలుగో లేన్ అమ్మాయి ముప్పై మీటర్ల దాకా ఒక అడుగు ముందుంది. యాభై దగ్గర ఫేబీ తలెత్తింది. అక్కడి నుంచి ఇక పరిగెత్తుతున్నట్టు లేదు, నేలే వెనక్కి జారిపోతున్నట్టుంది. వెనక నుంచి చూస్తున్న వీళ్లకు జడ ఒక్కటే కనబడుతోంది. అరవై దగ్గర సమానం. డెబ్బై దగ్గర ముందు. రూపవతి డబ్బాను గుండెకు అదుముకుని "యేసయ్యా, యేసయ్యా" అంటోంది. పాండురంగ గాలి సంగతి మరిచిపోయి ఫెన్స్ ఎక్కేశాడు. ఎనభై. తొంభై. ఛాతీ ముందుకు విసిరింది.

దూరంగా బోర్డు మీద అంకెలు ఆగాయి. 11.12.

సువార్తరాజు అంకెలు మరోసారి చదివాడు. అటు చివర ఫేబీ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి ఉంది. ఫర్వాలేదు, అనుకున్నాడు. ఆమెకు మాట చేరింది, అది చాలు. చాలదని తెలిసీ చాలనుకున్నాడు.

"ఆగన్నా," అన్నాడు పాండురంగ. "అది ఉత్త టైమ్. ఫొటో చూసి అసలుది పెడ్తరు."

బోర్డు ఆరిపోయింది. వెలిగింది. 11.10.

ఎవరూ అరవలేదు. అరవడానికి ఇంకా గాలి సంగతి తేలాలి. పాండురంగ ఫోన్ కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు. ఇందాక వన్ పాయింట్ ఎయిట్ అన్నాడు, పెరుగుతోందన్నాడు. రెండు దాటితే ఇదంతా లేనట్టే. పేర్ల పక్కన ఒక్కొక్కటిగా అంకెలు వస్తున్నాయి. చివర, కింద మూలన, చిన్నగా గాలి అంకె వచ్చింది. 1.9.

అప్పుడు అరిచాడు పాండురంగ. ఆ అరుపు వరంగల్ దాకా వినబడి ఉంటుంది. నారింజ బనియన్ ఆయనను కావలించుకున్నాడు కూడా. రూపవతి ఏడుస్తూ నవ్వుతూ ఎవరికో ఫోన్ చేయబోయి, ఎవరికో గుర్తురాక మానేసింది. ఆ చివర ఫేబీ బోర్డు వంక చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, వెనక్కి తిరిగింది. పరిగెత్తిన వంద మీటర్లూ మళ్లీ వెనక్కి పరిగెత్తుకుంటూ వచ్చింది.

ఫెన్స్‌కు అటు ఫేబీ, ఇటు తండ్రి. ఇద్దరికీ ఆయాసమే.

"బాగా పరిగెత్తావమ్మా," అన్నాడు.

ఫేబీ ఎదురుచూసింది. ఆ వాక్యం తర్వాత ఏ మాట వస్తుందో ఆమెకు పదహారేళ్లుగా తెలుసు. "బట్?" అని కళ్లెగరేసింది.

స్టార్ట్ ఆలస్యమైంది. ఎడమ కాలు కొంచెం... సువార్తరాజు దాన్ని మింగేశాడు. గొంతుకు కొంచెం అడ్డం పడింది గానీ దిగింది.

"అంతే. బాగా పరిగెత్తావు."

రూపవతి డబ్బా మూత తీసి ఫెన్స్ పైనుంచి పట్టుకుంది. కోడి వేపుడు, పులిహోర. పొద్దుటి నుంచి అరటిపండు మీదున్న పిల్ల. ఫేబీ చెయ్యి చాపబోయి ఆగి, కళ్లు మూసుకుంది. "థాంక్యూ లార్డ్. ఆమెన్," అంది. కళ్లు తెరిచి, డబ్బా మీద చెయ్యి అలాగే ఉంచి, తండ్రి వంక చూసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తండ్రి ఎదుట ఆ మాట వినకుండా ముద్ద ముట్టింది లేదు.

సువార్తరాజు నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. ఊఁ దగ్గరే ఆగిపోయాడు. నలుగురూ ఒక డబ్బా చుట్టూ నిలబడి ఎదురుచూస్తున్నారు. ముక్క నోట్లో పెట్టుకోబోయిన పాండురంగ కూడా ఆగాడు.

ఫేబీ ఒక వేపుడు ముక్క తీసి తండ్రి అరచేతిలో పెట్టింది.

"కానీయండి, డాడీ," అంది.